తీర్థన్ నది, ట్రౌట్ చేప, మన విహారయాత్రలు

వేసవి సెలవులలో అధ్యాపకుడు చేయదగిన పనులకు మన సమాజంలో రాయని జాబితా ఒకటి ఉన్నది. జవాబుపత్రాలు దిద్దవచ్చును. బంధువుల పెండ్లిండ్లకు పోవచ్చును. ఇంటికి సున్నం వేయించవచ్చును. గాలపుకర్ర భుజాన వేసుకొని రెండువేల కిలోమీటర్లు ప్రయాణం చేసి, హిమాలయ నదిలో చేపలు పట్టి రావడం మాత్రం ఆ జాబితాలో లేదు. 2024 మే నెలలో ఉర్దూ శాఖ మిత్రులొకరు, జంతుశాస్త్ర శాఖ మిత్రులొకరు తోడురాగా మేము హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ జిల్లాకు పోయి, తీర్థన్ నది ఒడ్డున ఎనిమిది రోజులు గడిపి వచ్చినాము. వచ్చిన నాటి నుండి అధ్యాపకుల గదిలో రెండు రకాల మాటలు వింటున్నాము. పనిలేని పని అని కొందరు. నోరులేని ప్రాణిని ముల్లుకు గుచ్చి ఆనందించడం ఏమి విహారమని మరికొందరు. విద్యార్థులు ఈ రెండూ అనలేదు. వారు అడిగినది ఒక్కటే: "సార్, ఫోటోలేవీ?"

మొదటి మాటకు సమాధానం అక్కరలేదు. రెండవది న్యాయమైన ప్రశ్న. మూడవది మాత్రం మమ్ములను కలవరపెట్టినది. మన కళాశాల వార్షిక విహారయాత్రలో నదీతీరపు విడిది ఒకటి చేర్చాలనీ, అక్కడ విద్యార్థుల చేతికి గాలం ఇవ్వాలనీ పాలకసంఘం వారికి మేము ఒక ప్రతిపాదన సమర్పించి ఉన్నాము. దానిని చదివి నవ్వినవారు ఉన్నారని విన్నాము. నవ్వు తప్పు కాదు గాని, ఆ ప్రతిపాదన వెనుక ఉన్న ఆలోచనను విన్న తరువాత నవ్వితే బాగుంటుంది.

ముందుగా ఆ చేపను గురించి నాలుగు మాటలు. ట్రౌట్ మన దేశపు చేప కాదు. చల్లగా, తేటగా, వడిగా పారే నీటిలో తప్ప అది బ్రతకజాలదు. నీరు 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది. 25 డిగ్రీల దరిదాపులకు పోతే ప్రాణగండం. మన కృష్ణా తుంగభద్రల వేసవి నీటిలో వదిలితే బ్రతికి బట్టకట్టదు. అటువంటి చేప హిమాలయాలకు తానుగా రాలేదు. దొరలకు సెలవురోజులలో తమ దేశపు వినోదం కావలసి వచ్చినది, అందుకని తెప్పించుకున్నారు. 1900లో గోధుమవన్నె ట్రౌట్ గుడ్లు స్కాట్లండు నుండి కాశ్మీరుకు చేరినవి. అంతకు ముందటి ఏడు పంపినవి దారిలోనే చెడిపోయినవట. కాశ్మీరు నుండి 1909లో కులూ లోయకు వచ్చినవి. దక్షిణాన నీలగిరులలోనూ ఇదే కథ. ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడు 1863లో ప్రయత్నించి విఫలుడైనాడు. ఇరవయ్యవ శతాబ్ది మొదటి దశకంలో విల్సన్ అనే అధికారి అవలాంచి వద్ద గుడ్లు పొదిగించి సఫలుడైనాడు. నీలగిరులు ఆనాడు మద్రాసు రాజధానిలోనివి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలూ దానిలోనివే. కనుక ఆ చేపగుడ్ల ఖర్చులో మన తాతల శిస్తు కూడా కొంత కలిసే ఉంటుంది.

ఈ పరాయి చేప అక్కడి దేశవాళీ చేపల పిల్లలను తింటుంది, వాటి మేతకు పోటీపడుతుంది. ఆ సంగతి మరచి దానిని హిమాలయాల అలంకారమని కీర్తించేవారితో మేము ఏకీభవించము. అయినా నూరేండ్లకు పైబడి అక్కడ కాపురముంటున్నది. దానిని వెళ్ళగొట్టగలవారు ఎవరూ లేరు. దానితో ఎట్లా మెలగాలన్నదే మిగిలిన ప్రశ్న.

తీర్థన్ పెద్ద నది కాదు. గ్రేట్ హిమాలయన్ జాతీయ ఉద్యానంలోని మంచుకొండలలో పుట్టి, గుషైనీ, బంజార్ పక్కగా దిగి, లార్జీ వద్ద బియాస్ నదిలో కలుస్తుంది. ఆ ఉద్యానాన్ని యునెస్కో 2014లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది. నదిలో గాలం వేయాలంటే మత్స్యశాఖ వారి అనుమతిచీటీ కావాలి. నవంబరు నుండి ఫిబ్రవరి చివరి వరకు చేప గులకరాళ్ళలో గుడ్లు పెట్టే కాలం. అప్పుడు గాలం నిషిద్ధం.

మాకు దొరికిన గైడు పాతికేండ్ల యువకుడు, ఆ ఊరివాడే. మొదటిరోజు మమ్ములను గాలం ముట్టనీయలేదు. "మాస్టర్‌జీ, పహలే పానీ దేఖియే" అన్నాడు. ముందు నీళ్ళు చూడండి! ముగ్గురు అధ్యాపకులం, ఎన్నో ఏండ్లుగా విద్యార్థులకు ముందు పాఠం చూడండని చెబుతున్నవాళ్ళం, ఒక బండమీద పిల్లలవలె కూర్చొని రెండు గంటలు నీళ్ళు చూసినాము.

మొదట ఏమీ కనబడలేదు. నురుగు, హోరు, వెలుగు, అంతే. తరువాత అతడు ఒక్కొక్కటే చూపించినాడు. పెద్ద బండ వెనుక నీరు నిలిచినట్లుండే చోటు. దాని అంచున వడినీరు, నిదాననీరు రాసుకుపోయే గీత. ట్రౌట్ ఆ గీతకు ఇవతల, ఎదురునీటికి తలపెట్టి నిలుచుంటుంది. శ్రమ పడకుండా నిలబడటానికి నిదాననీరు, ఆహారం తెచ్చి నోటికి అందించడానికి పక్కనే వడినీరు. తరువాత నీళ్ళలో చేయిపెట్టి ఒక రాయి తిరగేసినాడు. రాయి అడుగున ఇసుకరేణువులతో తన చుట్టూ గొట్టం కట్టుకున్న పురుగొకటి, తోకకు మూడు వెంట్రుకలున్న పురుగొకటి. "ఇవే దాని భోజనం. నీరు చెడితే ముందు చచ్చేవి ఇవే" అన్నాడు. మా జంతుశాస్త్ర మిత్రులు ఆ మాటకు తలూపి, ఈ పాఠం చెప్పడానికి తనకు తరగతిలో నాలుగు గంటలు పడుతుందని ఒప్పుకున్నారు. గాలానికి కట్టేది కూడా ఆ పురుగు రూపమే: ఈకతో, దారంతో ముల్లుమీద అల్లిన బొమ్మపురుగు. పురుగును ఎరుగనివాడు బొమ్మను ఎంచుకోలేడు.

అన్నిటికంటె ముఖ్యమైనది చివర చూపించినాడు. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, అరగంటకొకసారి దానిని చూసి రమ్మన్నాడు. పొద్దున అంచున ఉన్న పుల్ల, మధ్యాహ్నం దాటేసరికి జానెడు లోపలికి పోయినది. వర్షం లేదు, మేఘం లేదు. పైన ఎండకు మంచు కరిగి దిగుతున్నది. ఆ నీటి రంగు కూడా మారినది. తేటనీరు పాలు కలిపినట్లైనది. "రంగు మారితే గాలం కాదు చూడవలసినది, ఒడ్డు" అన్నాడు గైడు. ఆ ఎనిమిది రోజులూ మా గాలపుకర్రలకంటె ఆ పుల్లమీదనే మా చూపు ఎక్కువ నిలిచినది.

మేము ఆ పుల్లను అంత శ్రద్ధగా చూడటానికి వేరొక కారణం ఉన్నది. మండి నుండి తీర్థన్ లోయకు పోయే దారిలో థలౌట్ అనే చోటు వస్తుంది. దానికి కొద్ది దూరం ఎగువన లార్జీ ఆనకట్ట. 2014 జూన్ 8వ తేదీ సాయంత్రం అక్కడ ఏమి జరిగినదో తెలుగువారికి చెప్పనక్కరలేదు. హైదరాబాదు నుండి విహారయాత్రకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నదిలోని బండలమీదికి దిగి ఫోటోలు తీసుకుంటున్నారు. నీరు తక్కువగా, మందంగా పారుతున్నది. ఎగువన 126 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రపు ఆనకట్ట తలుపులు తెరిచినారు. 24 మంది విద్యార్థులు, వారితోపాటు యాత్ర నడిపించే సిబ్బందిలో ఒకరు కొట్టుకొనిపోయినారు. కొన్ని దేహాలు దొరకడానికి వారాలు పట్టినది.

ఆ పిల్లల తప్పేమీ లేదు. ఇరవై ఏండ్ల వయసులో మంచుకొండల నదిని మొదటిసారి చూసినవారు బండమీదికి దిగకుండా ఉంటారా? తగిన హెచ్చరిక లేకుండా నీరు వదలడం తప్పు. 2016లో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించినప్పుడు విద్యుత్ బోర్డుపైన, ప్రభుత్వంపైన మాత్రమే కాక, పిల్లలను తీసుకొనిపోయిన కళాశాలపైన కూడా వంతు మోపినది. ఈ చివరి మాటను మన పాలకసంఘం వారు ఒక్కసారి ఆగి చదవవలెనని ప్రార్థన.

"సార్, ఫోటోలేవీ" అన్న ప్రశ్న మమ్ములను ఎందుకు కలవరపెట్టినదో ఇప్పుడు పాఠకులకు తోచే ఉంటుంది. ఫోటో తీయించుకునేవాడు నదికి వీపు చూపి నిలబడతాడు. గాలం వేసేవాడు నదికి ముఖం చూపి నిలబడతాడు. పుల్ల మునిగినదా, రంగు మారినదా, హోరు పెరిగినదా అని క్షణక్షణం చూస్తేనే వానికి చేప. ఆనకట్ట దిగువన ఇది కూడా చాలదు. అక్కడ నీరు ఋతువును బట్టి కాక తలుపును బట్టి వస్తుంది కనుక, గాలమున్నా లేకున్నా ఆ నేలమీదికి దిగనే కూడదు. కాని ఆ సంగతి తెలిసి ఉండటం కూడా నదిని ఎరిగి ఉండటంలో భాగమే. ఇంతవరకు మన విహారయాత్రలలో బస్సుకు డ్రైవరు ఉన్నాడు, భోజనానికి వంటవాడు ఉన్నాడు, హాజరుకు అధ్యాపకుడు ఉన్నాడు. నీళ్ళు చూసేవాడు ఎవరు?

ఇక రెండవ ప్రశ్న, హింస. నీటివేట మన మతంలో సమ్మతమైనదే. కాని ప్రాణమున్న దానిని ఆటకు గురిగా పెట్టుకోరాదనీ మన పెద్దలే చెప్పినారు. మా ఉర్దూ మిత్రులు ఈ రెండు మాటలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి మొదటి రాత్రే చర్చకు దిగినారు. ఆ రాత్రి చలికి నిద్ర ఎట్లాగూ లేదు.

చర్చకు కారణం మా పక్క మడుగులో గాలం వేస్తున్న ఒక బృందం. వారు పొద్దున నుండి సాయంత్రం దాకా చేప మీద చేప పట్టి, ప్రతిదానిని గాలిలోకి ఎత్తి, ఛాయాచిత్రం తీసుకొని, తిరిగి నీళ్ళలో వదులుతున్నారు. తాము ఒక్క చేపనూ చంపలేదని వారి గర్వం. మేము రెండు చేపలను పట్టి, తలమీద ఒక్క దెబ్బతో చంపి, ఉప్పూ కారమూ పూసి పెనం మీద వేయించుకొని తిన్నందుకు వారి దృష్టిలో మేము మొరటువాళ్ళం.

ఈనాడు వదిలివేయడమే ఉత్తమ ధర్మమని ప్రపంచమంతా అంటున్నది. మేము ఒప్పుకోము. 2003లో బ్రిటన్‌లోని శాస్త్రజ్ఞులు ట్రౌట్ తలభాగంలో 58 స్పర్శగ్రాహకాలను పరీక్షించి, వాటిలో 22 నొప్పి కలిగించే దెబ్బను గ్రహించేవని తేల్చినారు. చేప మనవలె బాధపడుతుందా అన్నది ఇంకా వాదంలో ఉన్న విషయమే. కాని ముల్లు దానికి తెలియదని ఇక ఎవరూ అనలేరు. అంతకుముందే, 1992లో, కెనడా శాస్త్రజ్ఞులిద్దరు ట్రౌట్‌లను అలసిపోయేదాకా ఈదించి చూసినారు. ఈదించి ఊరకున్నవాటిలో 100కు 12 చనిపోయినవి. ఈదించిన తరువాత 30 సెకండ్లు గాలిలో ఉంచినవాటిలో 38 చనిపోయినవి. నిమిషం ఉంచినవాటిలో 72. ఇదంతా 12 గంటలలోపు. ప్రయోగశాల లెక్క నదికి ఉన్నదున్నట్లు అతకదు, నిజమే. తడిచేతితో నీటిలోనే ముల్లు తీసి వదిలితే చాలా చేపలు బ్రతుకుతాయి. అయితే ఛాయాచిత్రానికి నిమిషం పట్టదా? చేపను పట్టుకోవాలి, నవ్వాలి, బాగా రాలేదని మరొకటి తీయాలి. వదిలిన చేప తోక ఆడించి లోతుకు పోతుంది. తరువాత దాని గతి ఏమైనదో వదిలినవాడు చూడడు. పెనం మీది చేప సంగతి మాత్రం తిన్నవాడికి స్పష్టంగా తెలుసును.

స్విట్జర్లాండువారు 2008 నాటి జంతుసంరక్షణ నిబంధనలలో, తిరిగి వదలాలనే ఉద్దేశంతో గాలం వేయడాన్నే నిషేధించినారు. తినడానికి పట్టేవాడు పట్టవచ్చును. ఆటకు పట్టేవాడు పట్టరాదు. మన పెద్దల మాటకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి!

దీనికి ఎదురువాదం లేకపోలేదు. మా గైడే చెప్పినాడు: వచ్చినవాళ్ళందరూ చేపలు చంపుకొని పోతే మూడేండ్లలో నది ఖాళీ అవుతుంది, తన కుటుంబానికి బ్రతుకుతెరువు పోతుంది. ఇది బలమైన మాట. చేపలు తక్కువగా ఉన్నచోట, చిన్నది పడినచోట వదలక తప్పదు. కాని అతని మాటలోని భయానికి కారణం చంపడం ఒక్కటే కాదు, ఆపకపోవడం. అనుమతిచీటీ మీద ఎన్ని చేపలు ఉంచుకోవచ్చునో రాస్తారు. ఎన్నింటిని ముట్టుకోవచ్చునో రాయరు. మేము మాకు మేముగా ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. మనిషికి రోజుకు ఒక్క చేప. అది పడినదా, గాలం చుట్టి పక్కన పెట్టవలసినదే. మిగిలిన పొద్దంతా ఒడ్డున కూర్చోవచ్చును, పుస్తకం చదవవచ్చును, పుల్ల చూడవచ్చును. ఎనిమిది రోజులలో ముగ్గురికీ కలిపి పదకొండు చేపలు పడినవి. అన్నీ తిన్నాము. రెండు రోజులు ఎవరికీ ఏమీ పడలేదు. ఆ రోజులలో రాజ్మా, అన్నం. ఆ రోజులు మాకు వెలితిగా తోచలేదు, ఉర్దూ మిత్రులకు తప్ప. వారికి రాజ్మా పడదు.

మరొక్క సంగతి చెప్పకపోతే ఆ లోయవారికి అన్యాయం చేసినవారమౌతాము. తీర్థన్ మీద కూడా జలవిద్యుత్ పథకాలు తలపెట్టినారు. మాజీ శాసనసభ్యులు దిలారాం శబాబ్ గారు ముందు నిలువగా ఊళ్ళవారు పోరాడి, న్యాయస్థానం దాకా పోయి, వాటిని ఆపుకున్నారు. అందుకనే ఆ నది లార్జీ జలాశయం వరకు తన ఇష్టాన తాను పారుతున్నది. ఏ మడుగులో ఏ చేప ఉన్నదో ఎరిగినవారు గనుక వారు నదిని కాపాడుకోగలిగినారని మా అభిప్రాయం. మన విద్యార్థులలో ఎందరు మన నదిలోని నాలుగు చేపల పేర్లు చెప్పగలరు? పులస ధర ఎంతో అందరూ చెబుతారు. అది సముద్రం నుండి గోదావరికి ఎదురీది వచ్చి ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోతుందని చెప్పగలవారు ఎందరు?

కనుక మా ప్రతిపాదనలోని షరతులను ఇక్కడ మరొకసారి పొందుపరుస్తున్నాము. ఒక జట్టుకు పన్నెండు మందికి మించరాదు. వెంట వచ్చే అధ్యాపకులలో ఒకరికైనా ఈత వచ్చి ఉండాలి. ఆనకట్ట దిగువన నదిలోకి ఎవరూ దిగరాదు, కాలు తడుపుకోవడానికి కూడా. మొదటిరోజు గాలం లేదు, నీళ్ళు చూడటమే. సెల్‌ఫోన్లు ఒడ్డున సంచిలో. మనిషికి రోజుకు ఒక్క చేప, పట్టినది తినవలసినదే. శాకాహారులైన విద్యార్థులకు గాలం వద్దు. పుల్లను చూసే బాధ్యత వారిది, ఆ బాధ్యత గాలంకంటె పెద్దది. ఆడపిల్లలకు వేరే జట్టు, వేరే అధ్యాపకురాలు ఉండాలని కొందరు తల్లిదండ్రులు కోరినారు. అది న్యాయమే, కాని ఆ పేరుతో వారి జట్టును వచ్చే ఏటికి వాయిదా వేయడానికి మేము సమ్మతించము.

హిమాలయాల దాకా పోవడానికి నిధులు చాలవని సంఘం వారు అంటే, మొదటి ఏడు మన ఊరి చెరువుకే పోదాము. అక్కడ ట్రౌట్ లేదు, కొర్రమీను ఉన్నది. మత్స్యకార సహకార సంఘం వారిని అడిగితే గట్టుమీద పన్నెండు మందికి చోటివ్వరా? వెదురుకర్రలు, బెండ్లు, దారం అన్నీ కలిపి వెయ్యి రూపాయలకు మించవు. చెరువు నిండేది వర్షాల తరువాత గనుక, అక్టోబరులోగా అనుమతి వస్తే పిల్లల అర్ధసంవత్సర పరీక్షలకు ముందే రెండు ఆదివారాలు దొరుకుతాయి.